కళింగపట్నంలో బంధువుల కలయికకు బస్సు అద్దెకు కావాలి, ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతున్నారు

కళింగపట్నం_ఆడపడుచు

మా పుట్టిల్లు కళింగపట్నం. రాబోయే కార్తీక మాసంలో మా నాన్నగారికి సహస్ర చంద్ర దర్శన శాంతి చేయిస్తున్నాం. హైదరాబాదు, విశాఖపట్నం, బరంపురం నుంచి వచ్చే బంధువులతో కలిపి మొత్తం 43 మంది అవుతున్నారు. వారిలో డెబ్బై దాటినవారు పదిమందికి తక్కువ ఉండరు. శుక్రవారం ఉదయం ఆమదాలవలసలో, అంటే శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగినవారిని ఎక్కించుకుని ఊరికి తీసుకురావాలి. శనివారం కార్యక్రమం ముగిశాక సాయంత్రం శాలిహుండం, ఆదివారం శ్రీకూర్మం, అరసవల్లి, ముఖలింగం చూపించి రాత్రి రైళ్ళకు స్టేషనులో దింపాలి.

ముగ్గురిని అడిగాను. ఒకరు మూడు రోజులకు కలిపి గుత్తగా ఒక మొత్తం చెప్పారు గానీ అందులో ఏమేమి కలిశాయో ఎంత అడిగినా చెప్పలేదు. రెండోవారు కిలోమీటరు లెక్క చెప్పి, రోజుకు కనీసం 300 కిలోమీటర్లకు కట్టాలన్నారు. డ్రైవరు బత్తా, టోలు విడిగా ఇవ్వాలట. మూడోవారు ఒక కళాశాల బస్సును అందులో సగం కన్నా తక్కువకే పంపిస్తామన్నారు. పెద్దవాళ్ళను తీసుకెళ్ళే బండి ఎలా ఉంటుందని అడుగుతుంటే, ఏసీ ఉంది, పాటలు ఉన్నాయి, టీవీ ఉంది అనే సమాధానమే వస్తోంది. ఈ ప్రాంతంలో బస్సు మాట్లాడుకున్న అనుభవం ఉన్నవారు ఏం అడగాలో, ఏం రాయించుకోవాలో చెబితే మేలు చేసినవారవుతారు.

సిక్కోలు_నాగావళి

ఈ ముగ్గురిలో ఎవరైనా కాగితం మీద రాసి ఇచ్చారా? బస్సు నంబరు చెప్పారా? నంబరు చెప్పనివారికి అడ్వాన్సు ఇవ్వకండి. ఫొటోలో చూపించే బస్సు ఒకటి, ఆ రోజు వాకిట్లోకి వచ్చే బస్సు ఇంకొకటి కావడం ఇక్కడ మామూలైపోయింది.

లెక్కల_పద్దు

రెండోవారు చెప్పిన 300 కిలోమీటర్ల కనీస లెక్క దూరప్రయాణాలకు పెట్టుకున్నది. తిరుపతికో పూరీకో వెళ్ళేవారికి అది న్యాయంగానే ఉంటుంది, ఎందుకంటే బస్సు రోజంతా నడుస్తూనే ఉంటుంది. మీ ప్రయాణానికి అది ఏ మాత్రం పొసగదు. ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం సుమారు 13 కిలోమీటర్లు, అక్కడి నుంచి కళింగపట్నం సుమారు 30. శాలిహుండం మీ ఊరికి పక్కనే ఉంది. శ్రీకాకుళం నుంచి ముఖలింగం 46 కిలోమీటర్లు ఉంటుంది కాబట్టి ఆదివారం ఎంత తిప్పినా 200 దాటదు. మూడు రోజులూ కలిపి నిజంగా తిరిగేది సుమారు మూడు వందల కిలోమీటర్లయితే, మీరు తొమ్మిది వందలకు డబ్బు కడతారు.

కాబట్టి గంటలూ కిలోమీటర్లూ కలిపిన స్థానిక లెక్క అడగండి. ఇన్ని గంటలు, ఇన్ని కిలోమీటర్లు, ఆపై గంటకు ఇంత, కిలోమీటరుకు ఇంత అని ఉంటుంది. శనివారం పొద్దంతా బస్సు ఊరికే నిలబడుతుంది కనుక, ఆ సాయంత్రానికి మాత్రం ఒక చిన్న బండి విడిగా మాట్లాడుకుని, పెద్ద బస్సును శుక్ర, ఆదివారాలకే తీసుకుంటే మీ ఖర్చు చాలా తగ్గుతుంది.

ఇంకొక సంగతి. కిలోమీటర్లు ఎక్కడి నుంచి లెక్కపెడతారో అడగండి. మీరు బస్సు ఎక్కిన చోటు నుంచి దిగిన చోటు వరకా, గ్యారేజీ నుంచి గ్యారేజీ వరకా అన్నది ముందుగా తేలాలి. యజమాని విశాఖపట్నంలో ఉంటే రానూపోనూ 200 కిలోమీటర్లకు పైగా ఖాళీ బస్సుకే కట్టవలసి వస్తుంది. బస్సు రాగానే మీటరు ఫొటో తీసి డ్రైవరుకూ యజమానికీ పంపండి.

కళింగపట్నం_ఆడపడుచు

గ్యారేజీ సంగతి అడగాలని నాకు తట్టనే లేదు. రెండోవారి బస్సు నిజంగానే గాజువాక నుంచి వస్తుందట. శనివారం విషయం ఇంట్లో మాట్లాడతాను.

విజినగరం_కోట

కళాశాల బస్సును అంత తేలికగా కొట్టిపారేయనవసరం లేదని నా అభిప్రాయం. మా చీపురుపల్లి వైపు పెళ్ళిళ్ళకు సగానికి సగం బస్సులు అవే వస్తాయి. రోజూ పిల్లలను ఎక్కించుకునే బండి కాబట్టి డ్రైవరు నెమ్మదిగా నడుపుతాడు, యాజమాన్యం ఊళ్ళోనే ఉంటుంది, ఏదైనా తేడా వస్తే వెళ్ళి అడగవచ్చు. మధ్యతరగతి కుటుంబాలకు అందుబాటులో ఉన్నది అదొక్కటే.

టెక్కలి_వకీలు

విజినగరం_కోట గారు చెప్పిన ఖర్చు బాధ నిజమే, అయినా ఈ విషయంలో ఆయనతో ఏకీభవించలేను. విద్యాసంస్థ బస్సుకు ఇచ్చే పర్మిట్ ఆ సంస్థ విద్యార్థులను, సిబ్బందిని తీసుకెళ్ళడానికి ఇచ్చినది, పన్నులో రాయితీ కూడా అందుకోసమే. ఒక బృందం మొత్తం బండిని అద్దెకు మాట్లాడుకుని తిరగాలంటే ఆ బండికి కాంట్రాక్ట్ క్యారేజీ పర్మిట్ గానీ, టూరిస్టు పర్మిట్ గానీ ఉండాలి. అద్దెకు తిరిగే పర్మిట్ లేని వాహనాన్ని అద్దెకు తిప్పినప్పుడు ప్రమాదం జరిగితే, మోటారు వాహనాల చట్టం, 1988లోని 150వ సెక్షను కింద బీమా కంపెనీ అదే కారణం చూపి తన బాధ్యతను కాదని వాదించవచ్చు. గాయపడ్డ మనిషి ఆసుపత్రిలో ఉండగా కుటుంబం ట్రిబ్యునల్ చుట్టూ తిరుగుతూ, బస్సు ఎవరిది, ఎందుకు తిరిగింది, డబ్బు ఎవరికిచ్చారు అని నిరూపించుకోవలసిన పరిస్థితి వస్తుంది. అటువంటి కుటుంబాలను దగ్గరగా చూసినవాడిని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

చూసుకోవడం పెద్ద కష్టం కాదు. అద్దెకు తిరిగే బండికి పసుపు పలక మీద నల్ల అక్షరాలతో నంబరు ఉంటుంది. ఆ నంబరును ఎం-పరివాహన్ యాప్‌లో వేసి ఫిట్‌నెస్, బీమా, పర్మిట్, కాలుష్య ధ్రువపత్రం ఏ తేదీ వరకు ఉన్నాయో చూడండి. రవాణా వాహనాలకు మొదటి ఎనిమిదేళ్ళ వరకు రెండేళ్ళకొకసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. మీరు బుక్ చేసే రోజుకు గడువు ఉంటే చాలదు, ప్రయాణం ముగిసే రోజుకు కూడా ఉండాలి. ప్రయాణికుల పేర్ల జాబితా ఒకటి తయారుచేసి డ్రైవరు దగ్గర ఉంచండి, తనిఖీలో అడుగుతారు.

విజినగరం_కోట

బీమా విషయం ఇంత దూరం వెళుతుందని ఊళ్ళో ఎవరూ చెప్పరు. అయినా పర్మిట్ ఉన్న బస్సులు పెళ్ళిళ్ళ రోజుల్లో దొరకనప్పుడు జనం ఏం చేయాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

సిక్కోలు_నాగావళి

ఆ ప్రశ్నకు జవాబు ముందుగా మాట్లాడుకోవడమే. కార్తీకంలో ఆదివారం వనభోజనాలు, ముహూర్తాలు ఒకేసారి వస్తాయి. దానికి తోడు అయ్యప్ప మాలలు వేసుకున్నవారిని తీసుకుని మంచి బస్సులన్నీ శబరిమల దారి పడతాయి. దసరా లోపే బస్సు ఖాయం చేసుకోవాలి.

పాత_స్టీరింగు

ఉద్యోగ జీవితమంతా బస్సు నడిపి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. వకీలు గారు కాగితాలు చూడమన్నారు, అది మొదటి మెట్టు. కాగితాలు సరిగ్గా ఉన్న బండ్లలోనూ నేను ఎక్కడానికి ఇష్టపడనివి చాలా ఉన్నాయి. అందుకే అడ్వాన్సు ఇచ్చే ముందు బండిని ఒక్కసారి కళ్ళారా చూసి రండి.

ముందుగా అత్యవసర ద్వారం. దాన్ని మీ చేత్తో లోపలి నుంచి తెరిచి చూడండి. పిడి బిగుసుకుపోయి కదలని బండ్లు, ఆ దారికి అడ్డంగా అదనపు సీటు బిగించిన బండ్లు నేను చూశాను. అద్దాలు మూసి ఉండే ఏసీ బస్సు అయితే అద్దం పగలగొట్టే సుత్తి దాని స్థానంలో ఉండాలి. డ్రైవరు పెట్టెలో ఉంటే అది లేనట్లే. మంటలార్పే సిలిండరు మీద గడువు తేదీ చదవండి. తరువాత టైర్లు. గాడుల అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మెలు ఉంటాయి. టైరు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే దాని పని అయిపోయినట్లు లెక్క. మన తీరంలో తిరిగే బండ్లకు ఉప్పుగాలి వల్ల తుప్పు మొదట మెట్ల కిందా, డిక్కీ నేలలోనూ పడుతుంది. మెట్టు మీద బలంగా కాలు వేసి చూడండి. రేకు కుంగినట్లు అనిపిస్తే, పైన ఎంత మెరిసే రంగు వేసినా, ఆ బండి మీ పెద్దవాళ్ళకు వద్దు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది డ్రైవరు నిద్ర. శుక్రవారం తెల్లవారుజామున మీ దగ్గరికి వచ్చే మనిషి గురువారం రాత్రి ఎక్కడున్నాడో యజమానిని అడగండి. పెళ్ళివారిని రాత్రంతా తిప్పి, బస్సు కడిగించి, అదే డ్రైవరును పొద్దున్నే స్టేషనుకు పంపే యజమానులు ఉన్నారు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకు ఎనిమిది గంటల పని అని, ఏకధాటిగా ఐదు గంటలకు మించి పని చేయించకుండా కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని రాశారు. ఆచరణలో దాన్ని ఎవరు పట్టించుకుంటున్నారు? అద్దెకు తీసుకున్నవారైనా పట్టించుకోవాలి. రాత్రి బస చేసినప్పుడు డ్రైవరుకూ క్లీనరుకూ ఫ్యాను ఉన్న గది, వేళకు భోజనం ఏర్పాటు చేయండి. సముద్రం ఒడ్డున దోమల మధ్య సీటు మీద ముడుచుకుని పడుకున్న మనిషి చేతుల్లోనే మరునాడు మీ 43 మంది ప్రాణాలూ ఉంటాయి. బత్తా ఇచ్చాం కదా అనుకుని ఊరుకోవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

కళింగపట్నం_ఆడపడుచు

మా మేనమామ ఇంటి ముందుగది డ్రైవరుకు ఇవ్వమని ఇప్పుడే చెప్పాను. ఈ మాట మీరు చెప్పకపోతే ఎవరికీ గుర్తుండేది కాదు.

నరసన్నపేట_అత్తయ్య

బస్సు బాగున్నా ఎక్కడం దిగడం మాటేమిటి? పెద్ద టూరిస్టు బస్సుల మొదటి మెట్టు చాలా ఎత్తున ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న మా వయసువారికి గుడి చూడడం కన్నా బస్సు దిగడమే పెద్ద పని. గట్టి చెక్కపీట ఒకటి బస్సులో వేయించుకోండి. అసలు నా సలహా ఏమిటంటే, ఒక పెద్ద బస్సుకు బదులు 26 సీట్లదొకటి, 17 సీట్లదొకటి రెండు టెంపో ట్రావెలర్లు తీసుకోండి. శ్రీకూర్మంలో గుడి వీధికి దగ్గరగా చిన్న బండి వెళ్ళగలదు. పెద్ద బస్సు దూరంగా ఆగిపోతుంది, ఆ ఎండలో పెద్దవాళ్ళు నడవాలి.

లెక్కల_పద్దు

రెండు బండ్లంటే రెండు డీజిళ్ళు, ఇద్దరు డ్రైవర్ల బత్తా. పైగా 26కు 17 కలిపితే సరిగ్గా 43. ఒక్క సంచి పెట్టడానికి కూడా సీటు మిగలదు. రైలు దిగి వచ్చేవారి పెట్టెలు ఎక్కడ పెడతారు?

నరసన్నపేట_అత్తయ్య

పెట్టెలు ఇంట్లోనే ఉంటాయి కదా. స్టేషనుకు వెళ్ళి వచ్చే రెండు విడతలకు మాత్రం సామానుకు ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుంటే సరిపోతుంది.

సిక్కోలు_నాగావళి

ఖర్చు మాట పక్కన పెట్టినా నేను పెద్ద బస్సుకే ఓటు వేస్తాను. ఎన్నో ఏళ్ళ తరువాత కలిసే బంధువులను రెండు బండ్లలో విడదీస్తే ప్రయాణంలో ఉండవలసిన ఆనందమే పోతుంది. ఒక బండి ముందు వెళ్ళిపోవడం, రెండోది టీ కోసం ఆగిపోవడం, ఫోన్ల మీద ఫోన్లు. దూరంగా ఆగిన చోటి నుంచి పెద్దవాళ్ళను గుడి దాకా ఆటోల్లో పంపవచ్చు.

గార_మాస్టారు

బండి ఏదైనా ముందు ఆదివారం కార్యక్రమాన్ని మార్చుకోండి. ఆదివారం సూర్యుడి వారం, అందులోనూ కార్తీకం. అరసవల్లిలో ఆ రోజు దర్శనానికే ఎంత సేపు పడుతుందో చెప్పలేం, బస్సు నిలపడానికి చోటు దొరకడం మరీ కష్టం. అదే రోజు ముఖలింగం కూడా పెట్టుకుంటే రాత్రి రైలు సమయానికి మీకు గుండె దడ తప్పదు. ముఖలింగానికి వెళ్ళాలంటే జాతీయ రహదారి మీద మడపాం వంతెన దాటి నరసన్నపేట వైపు పోవాలి.

శుక్రవారం స్టేషను నుంచి వచ్చేటప్పుడు శ్రీకాకుళం ఎలాగూ దాటుతారు కాబట్టి, స్నానాలకు పట్టణంలో రెండు మూడు గదులు తీసుకుని, అరసవల్లి ఆ రోజే చూసేయండి. అక్కడి నుంచి శ్రీకూర్మం చూసుకుని ఊరికి చేరవచ్చు. రెండు గుళ్ళూ దారి మలుపులోనే ఉంటాయి. మధ్యాహ్నం గుడి మూసే వేళను ముందుగా కనుక్కోండి. అప్పుడు ఆదివారానికి ముఖలింగం ఒక్కటే మిగులుతుంది, అక్కడి శిల్పాలు కూడా తీరిగ్గా చూడగలుగుతారు.

శాలిహుండం గురించి ఒక మాట. గిడుగు రామమూర్తి పంతులు గారు 1919లో వెలుగులోకి తెచ్చిన ఆ బౌద్ధ స్థలం వంశధార ఒడ్డున కొండ మీద ఉంది. పెద్ద బస్సుతో అక్కడికి వెళ్ళే ఆలోచన చేయకండి, శనివారానికి చిన్న బండి అన్న లెక్కల_పద్దు గారి సలహా ఆ విధంగానూ మంచిదే. చీకటి పడకముందే కొండ దిగండి.

సముద్రం దగ్గరకు వచ్చినప్పుడు బస్సును గట్టి రోడ్డు మీదే ఆపించండి, ఇసుకలోకి దించితే అంత బరువైన బండిని బయటికి లాగడానికి ట్రాక్టరు వెతుక్కోవాలి. వంశధార సముద్రంలో కలిసే చోట పిల్లలను నీళ్ళలోకి దిగనివ్వకండి. నీరు ప్రశాంతంగా కనిపించినా అడుగున లాగుడు ఎక్కువగా ఉంటుంది.

కళింగపట్నం_ఆడపడుచు

శుక్రవారమే రెండు గుళ్ళూ చూసే ఆలోచన ఇంట్లో అందరికీ నచ్చింది. ఆర్టీసీ వారు కూడా బస్సులు అద్దెకు ఇస్తారని విన్నాను. మా బృందంలో ఆడవాళ్ళే ఎక్కువ, ఉచిత ప్రయాణం దానికి ఏమైనా వర్తిస్తుందా?

డిపో_ముచ్చట్లు

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం నిర్ణీత రకాల సర్వీసు బస్సులకే వర్తిస్తుంది, ప్రత్యేకంగా అద్దెకు తీసుకున్న బస్సుకు వర్తించదు. అద్దె విషయానికి శ్రీకాకుళం డిపోలో మేనేజరు కార్యాలయాన్ని కలవండి. పల్లెవెలుగులో ఒక వరుసకు మూడు, రెండు చొప్పున సీట్లుంటాయి కాబట్టి మీ 43 మంది ఒక బస్సులో పడతారు. సూపర్ లగ్జరీలో వెనక్కి వాలే సీట్లు రెండు, రెండు చొప్పున ఉంటాయి గనుక అందరూ పట్టరు. ముందుగా కొంత డిపాజిట్టు కట్టించుకుని, ప్రయాణం అయ్యాక తిరిగిన దూరాన్ని బట్టి లెక్క తేలుస్తారు. ధర కొంచెం ఎక్కువనిపించినా పర్మిట్, బీమా, డ్రైవరు శిక్షణ గురించి మీరు వెతకవలసిన పని ఉండదు. పాత_స్టీరింగు గారు చెప్పిన నిద్ర సంగతి మాత్రం ఇక్కడా అడగాల్సిందే.

ఇచ్ఛాపురం_సరిహద్దు

బరంపురం బంధువులు తిరుగు ప్రయాణంలో బస్సులోనే దింపమంటే ముందుగా ఆలోచించండి. మా వీధివారు తారాతరిణి అమ్మవారి దర్శనానికి ఒక ప్రైవేటు బస్సు మాట్లాడుకున్నారు. ఇచ్ఛాపురం దాటాక ఒడిశా అధికారులు ఆపి చూస్తే మన రాష్ట్రంలో తిరిగే పర్మిట్ తప్ప వేరేది లేదు. యజమాని ఫోను ఎత్తలేదు. పసిపిల్లలతో సహా అందరూ రోడ్డు పక్కన నిలబడిపోయారు. అఖిల భారత టూరిస్టు పర్మిట్ ఉన్న బండి అయితే ఈ చిక్కు రాదు, లేదా ఆ ప్రయాణానికి ప్రత్యేక పర్మిట్ తీయించాలి.

బారువ_తీరం

తుపాను షరతు గురించి ఎవరూ రాయలేదు. మనది అక్టోబరు, నవంబరు నెలల్లో ఆకాశాన్ని నమ్మలేని తీరం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన వారంలో మా ఇంటి శుభకార్యానికి బస్సు మాట్లాడుకున్నాం. రోడ్ల మీద చెట్లు పడి ఉన్నాయి, కరెంటు లేదు, కార్యక్రమమే వాయిదా పడింది. యజమాని మాత్రం రద్దు చేసుకున్నది మీరే కాబట్టి అడ్వాన్సు తిరిగి రాదన్నాడు. ఊరంతా కొబ్బరి తోటలు కూలి కన్నీళ్ళు పెట్టుకున్న రోజుల్లో ఆ మాట వినడం చాలా బాధ కలిగించింది. కళింగపట్నం ఓడరేవులో ప్రమాద హెచ్చరిక ఎగరవేస్తే గానీ, కలెక్టరు గారు ప్రయాణాలు వద్దని ప్రకటిస్తే గానీ, అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇవ్వాలని లేదా అదే డబ్బుకు వేరే తేదీకి బస్సు పంపాలని రాయించుకోండి.

టెక్కలి_వకీలు

బారువ_తీరం గారు చెప్పిన షరతు తప్పకుండా ఉండాలి. దానితో పాటు బస్సు మధ్యలో పాడైతే ఎన్ని గంటల్లో మరో బస్సు పంపుతారు, ఆ బస్సు ఇదే స్థాయిలో ఉంటుందా అన్నది కూడా రాయించండి. ఏసీ బస్సు చెడిపోయి మామూలు బస్సు వస్తే తేడా డబ్బు తగ్గించాలి. స్టాంపు కాగితం అక్కరలేదు. యజమాని సంతకం, తేదీ, బస్సు నంబరు ఉన్న తెల్లకాగితమైనా రేపు మాట తేడా వచ్చినప్పుడు పనికివస్తుంది. అడ్వాన్సు బ్యాంకు ద్వారా లేదా యూపీఐ ద్వారా ఇవ్వండి.

లెక్కల_పద్దు

టోలు కూడా అందులోనే తేల్చండి. ఫాస్టాగ్ యజమానిది కాబట్టి డబ్బు అతని ఖాతా నుంచి పోతుంది. మడపాంలో ఎంత తెగిందో ఆ సందేశం చూపించి తీసుకోమనండి, నోటిమాట లెక్క వద్దు.

కళింగపట్నం_ఆడపడుచు

సోమవారం మా తమ్ముడు ఆర్టీసీ డిపోకు వెళుతున్నాడు. అక్కడ పల్లెవెలుగు బస్సు దొరికితే శుక్ర, ఆదివారాలకు అదే తీసుకుంటాం. శనివారం శాలిహుండానికి ఊళ్ళోని టెంపో ట్రావెలరు రెండు విడతలుగా తిరుగుతుంది. ఆర్టీసీలో దొరకకపోతే మొదట గుత్త ధర చెప్పినవారినే మళ్ళీ అడిగి, మీరందరూ చెప్పినవి ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టమంటాం. పెట్టనంటే ఆ బస్సు వద్దనుకున్నాం. ఆదివారం ముఖలింగం దగ్గర వనభోజనానికి వంటసామాను కూడా అదే బస్సులో వేయవచ్చునా?

పాత_స్టీరింగు

పాత్రలు, విస్తళ్ళు డిక్కీలో వేయవచ్చు. గ్యాస్ సిలిండరు, కిరోసిను మాత్రం మనుషులున్న బస్సులోకి ఏ పరిస్థితిలోనూ ఎక్కించవద్దు. డిక్కీ అయినా సరే, పైన కూర్చున్నది మీవాళ్ళే. వంటవాళ్ళను, పొయ్యిని ముందుగా ట్రాలీ ఆటోలో పంపేయండి.

నరసన్నపేట_అత్తయ్య

వంటకు మనిషి కావాలంటే మా పేటలో చేసేవారున్నారు, వాళ్ళే పొయ్యి, సామాను తెచ్చుకుంటారు. వివరాలు మీకు విడిగా సందేశం పంపుతాను.

డిపో_ముచ్చట్లు

మీ తమ్ముడిని ప్రయాణం తేదీలు, ఎక్కే చోటు, తిరిగే ఊళ్ళ పేర్లు, మనుషుల సంఖ్య రాసిన దరఖాస్తు, గుర్తింపు కార్డు నకలు, బ్యాంకు ఖాతా వివరాలు తీసుకెళ్ళమనండి. డిపాజిట్టు రసీదు జాగ్రత్తగా ఉంచుకోండి, మిగులు డబ్బు వెనక్కి తీసుకునేటప్పుడు అది అడుగుతారు. దారి మార్చాలనుకుంటే ప్రయాణం మధ్యలో డ్రైవరును ఒత్తిడి చేయకుండా ముందే డిపోలో చెప్పి రాయించండి.